అమావాస్య నాటి బెంగుళూరు ప్రయాణం

2022, కార్తీకం ముగిసే రోజులు. ఎమ్మిగనూరులో మా వీధిలో ఆరు మగ్గాలుంటే నాలుగు మూలబడ్డాయి. నేను మూడో తరగతితో బడి మానేసి గుంటమగ్గంలో కాళ్ళు పెట్టినదాన్ని. నలభై ఏళ్ళు దుప్పట్లు నేశాను. ఇప్పుడు కళ్ళు ఆనవు గనుక వేళ్ళతో తడిమి నేతలో తప్పులు పట్టడం, బేరాలు మాట్లాడటం నా పని.

పక్కింటి ఈరమ్మ చేతిలో మంచి నేత ఉంది. పని లేక, పిల్లలను వెంటబెట్టుకుని గుంటూరు మిరప చేలకు వలస పోవడానికి సిద్ధమైంది. "ఇంగొక వారం సూస్తా అవ్వా. పని రాకుంటే మగ్గం ఇప్పేసి పోతా" అంది. ఒకసారి విప్పిన మగ్గాన్ని మళ్ళీ బిగించిన ఇల్లు నేను చూడలేదు.

అప్పుడే బెంగుళూరులో ఒక దుప్పట్ల కొట్టు యజమాని ఫోనులో దొరికాడు. రంగు దిగే సరుకు కొని ఒకసారి దెబ్బతిన్నాడట, కళ్ళతో చూడనిదే ఆర్డరు ఇవ్వనన్నాడు. పక్క రాష్ట్రం రాజధాని అయినా, ఆదోనిలో రాత్రి రైలెక్కితే తెల్లారి అక్కడ దిగవచ్చు. ఒక్క రోజులో పోయి రావాలని ప్లాను వేశాను. స్టేషన్ వెయిటింగ్ రూములో ముఖం కడుక్కోవడం, కొట్టుకు పోవడం, ఆ రాత్రి రైలుకే తిరుగు. లాడ్జి మాటే లేదు. తిండికి జొన్నరొట్టెలు, శెనగపొడి, మేము ఎర్రగడ్డలనే ఉల్లిపాయలు. జనరల్ బోగీలో పోదామని, నా వెంట వచ్చే ఈరమ్మ అంది. పొదుపులో నన్ను మించినవాళ్ళు మా వీధిలో లేరు గానీ, జనం తొక్కిడిలో సాంపుల్ దుప్పట్లు నలిగితే ఎవరు కొంటారు? స్లీపర్ టికెట్లే తీయించాను.

అమావాస్య నాడు మా నేతవాళ్ళు మగ్గం ముట్టరు. నడుస్తున్న రెండు మగ్గాల దగ్గర నా పని ఒక్క పూట కూడా పోకుండా ప్రయాణం అయిపోతుందని సరిగ్గా ఆ రోజుకే పెట్టాను. ఈ తెలివికి నాలో నేనే మురిసిపోయాను.

కొట్టు గడపలో కుంకుమ పూసిన గుమ్మడికాయ పగిలి ఉంది. అది చూసినప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. యజమాని కన్నడాయన, తెలుగు బాగానే వచ్చు.

"ఏం అజ్జీ, అమావాస్య రోజు బేరానికి వచ్చారా? ఈ రోజు నేను కొత్త వ్యాపారం మాట్లాడను. రేపు రండి."

ఈరమ్మ నా చెవి దగ్గరకు వచ్చింది. "రేపు యాడుంటాం అవ్వా? రాత్రికే గదా రైలు? ఇంత ఆలోచన జేసినావు, ఆయప్పకు గూడా అమావాస్య ఉంటాదని తెలీల్యా?"

ఆ మాట గుచ్చుకుంది. తప్పు నాదే. అయితే వెనక్కి తిరిగితే ఆమె మగ్గం విప్పేస్తుంది.

"బేరం వద్దులేప్పా" అన్నాను. "ఒక బకెట్టు నీళ్ళు, రోంత సబ్బుపొడి, నీ తెల్ల టవాలొకటి ఇయ్యి. ఈ ఎర్ర దుప్పటిని దాంతో గలిపి ఉతుకుతా. గుడ్డలు ఉతికేదానికి తిథి అడ్డం రాదు గదా?"

ఆయన నవ్వాడు. "నా టవల్ ఎర్రగా అయితే?"

"అయితే ఈ మూడు దుప్పట్లూ నీకే ఇడిసిపెట్టి పోతా."

ఈరమ్మ నా చెయ్యి గిల్లింది. నేను ఒక నూలు పోగు కూడా ఊరికే వదలనని ఆమెకు తెలుసు.

మేము వాడేది వ్యాట్ డై, అంటే దారం లోపలికి ఇంకి, ఉతికినా దిగని రంగు. కొట్టు వెనక ఎర్ర దుప్పటినీ తెల్ల టవల్‌నూ ఒకే బకెట్టులో నానబెట్టి, గంట తర్వాత బండకేసి ఉతికాను. టవల్ తెల్లగానే వచ్చింది. దుప్పటిని మిద్దె మీద ఆరేశాం. సాయంత్రం ఆయనే టేపు తెచ్చాడు. ఉతకక ముందు ఆయన కొలిచినప్పుడు పొడవు తొంభై మూడు అంగుళాలున్నది ఇప్పుడు తొంభై వచ్చింది.

"మూడు అంగుళాలు తగ్గింది కదా అజ్జీ!" అన్నాడు, దొంగను పట్టుకున్నట్టు.

"తగ్గినాంక తొంభై ఉండల్లనే మూడు ఎక్కువ నేసినాం. దుప్పటిని కొనేటప్పుడు గాదప్పా, ఉతికినాంక కొలవల్ల."

"ఇది ఎవరు నేర్పించారు?"

"కప్పుకున్నోళ్ళు తిట్టి నేర్పిచ్చినారు."

ఆయన ఆ దుప్పటి అంచును వేళ్ళతో చాలాసేపు తడిమాడు. "ఎవరి నేత ఇది?"

"నాదేనన్నా" అంది ఈరమ్మ. పొద్దుటి నుంచి గుసగుసలాడిన మనిషి, ఆ మాట కొట్టంతా వినబడేలా అంది. నాకు అంతకన్నా ఏం కావాలి?

ఆయన మాట ఇవ్వలేదు, కాఫీ మాత్రం ఇచ్చాడు. మరుసటి పొద్దున ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సు కోసం నిలబడి ఉంటే ఫోను మోగింది. నూరు దుప్పట్లు కావాలట, ప్రతి ఒక్కటీ ఉతికాక తొంభై ఉండాలట. ఈరమ్మ ఇంటికి పోయిన వెంటనే, తల కూడా దువ్వుకోకుండా పడుగు సిద్ధం చేయడానికి కూర్చుంది. గుంటూరుకు పోలేదు.

పనిమీద ఊరు పోయేటప్పుడు మన వీలు చూసుకుంటే చాలదు, అవతలి మనిషి ఆచారం కూడా అడిగి పోవాలి. ఈ చిన్న సంగతి అరవై దాటాక నేర్చుకున్నందుకు సిగ్గుపడ్డాను. కానీ చెడ్డ రోజున పోయి కూడా, నోటితో ఒక్క బేరం మాట ఆడకుండా, మా నేతనే సాక్ష్యం పెట్టి ఆర్డరు తెచ్చుకున్నాం. అందుకు మాత్రం ఇప్పటికీ తలెత్తుకునే చెబుతాను.