గంటన్నర వెనకటి చుక్కలు

ల్యాబులో అందరూ ఆమెను కత్తక్క అంటారు. గడ్డకట్టించిన ఎలుక మెదడును వెంట్రుక కంటే పలచగా కోసి, గాజు పలకల మీద పరిచి, రంగు వేయడం ఆమె పని. కోసేటప్పుడు ఎవరు పలకరించినా పలకదు.

ఆ వారం పలకలు ఆమె కొంప ముంచేలా ఉన్నాయి. ఎలుకల్లో సగాన్ని పెద్ద చప్పుడుతో బెదరగొట్టారు, మిగతా సగాన్ని కదపకుండా ఉంచారు. బెదిరిన వాటి మెదడులోనే నల్లచుక్కలు రావాలి. తీరా చూస్తే రెండు గుంపుల్లోనూ మిరియాల పొడి చల్లినట్టు చుక్కలే. రంగు ఆమే చెడగొట్టిందని గుసగుసలు మొదలయ్యాయి. ఆమె కాంట్రాక్టు చూస్తే నెలాఖరుకు అయిపోతోంది.

ల్యాబు నడిపే మేడమ్ పిలిచి అడిగింది. కత్తక్క, దాచి ఉంచిన కదపని ఎలుకల పాత ముక్కలకు అదే సీసాలోని రంగు వేసి చూపించింది. అవి తేటగా వచ్చాయి. అయితే తప్పు రంగుది కాదంది మేడమ్. బెదిరినప్పుడు ఒక నాడీకణం పక్కదానికి రసాయనంతో కబురు పంపుతుందట. ఆ కబురు గడప దగ్గరే ఆగిపోదు. దాని ప్రభావం లోపలిదాకా పాకి, నిద్రలో ఉన్న జన్యువును లేపుతుంది. ఆ జన్యువు చేయించే ప్రొటీనే ఈ చుక్క. అది పోగుపడటానికి వ్యవధి కావాలి.

"ఇక్కడ నువ్వు చూస్తున్నది ఎలుక చావడానికి గంటన్నర ముందు జరిగిన సంగతి," అంది మేడమ్.

ఇన్నేళ్లుగా చుక్కలు లెక్కపెట్టింది గానీ, అవి ఎప్పటివని కత్తక్క ఏనాడూ అనుకోలేదు. తన గొడవ కాసేపు మరిచిపోయింది. గంటన్నర ముందు ఎలుకల గదిలో ఏం జరిగినట్టు? తాళంచెవి ఉండేది ఆమె అక్క మొగుడి దగ్గరే. ఎలుకల ఆలనాపాలనా అతనిదే.

"ఏం మరదలా, కత్తి మొండిబారిందా, ఇటొచ్చావు?" అన్నాడు బావ టీ తాగుతూ.

ఎలుకల్ని చంపిన రోజు పొద్దున ఏం చేశావని అడిగింది. ఏమీ లేదన్నాడు. కాసేపు బుర్ర గోక్కుని, కదపకూడని వాటిని కొత్త పెట్టెల్లోకి మార్చి తాజా రంపపు పొట్టు వేశానన్నాడు.

"ఎలాగూ పోయేవే కదా. ఆఖరి రోజన్నా శుభ్రంగా ఉంటాయని."

"వాటి వాసన లేని చోట పడేశావు బావా. దానికే బెదిరాయి."

అతను గ్లాసు కింద పెట్టాడు. "పొట్టు మారిస్తే మెదడులో జన్యువు లేస్తుందా?"

"లేచింది. వచ్చి చూడు."

చూశాక అతనే మేడమ్ దగ్గరికెళ్లి చెప్పి, నాలుగు చీవాట్లు తిని వచ్చాడు. మళ్లీ చేసిన ప్రయోగంలో పొట్టు చాలా ముందే మార్చాడు. కదపని ఎలుకల పలకలు ఈసారి తేటగా వచ్చాయి. కత్తక్క కొత్త కాంట్రాక్టు మీద సంతకం పడింది.

బావ మైక్రోస్కోపులోకి తొంగిచూసి పెదవి విరిచాడు. "ఏమీ లేదే. సరే గానీ, రంగు నువ్వే చెడగొట్టావన్న రోజున నీ బుర్ర కోసి చూస్తే?"

"మిరియాలే," అంది కత్తక్క, కత్తి తుడుస్తూ. "మేడమ్ గదిలోంచి వచ్చాక నీదీ అంతే. కూర్చో, చూద్దాం."