అవ్వ కాల్చిన కంప్యూటర్లు

ధర్మవరంలో మా వీధికంతా అవ్వ ముక్కే పరీక్ష. పట్టుచీర కొంగులోంచి ఒక పోగు లాగి, అగ్గిపుల్ల అంటించి వాసన చూసేది. వెంట్రుక కాలిన వాసన వస్తే పట్టు, ఇంకేదైనా వస్తే మోసం. షావుకార్లు కూడా ఆమె మాటకు ఎదురు చెప్పేవారు కాదు. పాత జరీ చీరలు కాల్చి వెండి తీసే పనీ ఆమెదే. కుంపటి మీదికి వంగి కూర్చుంటే పట్టు వాసన పోయేదాకా లేచేది కాదు. వాసన పోయిందంటే ఇక మిగిలింది వెండేనని ఆమె నమ్మకం.

రెండు వేల తొలి ఏళ్లలో నేను హిందూపురంలో ఒక పాత సామాన్ల గోడౌనులో గుమాస్తాను. విదేశాల నుంచి మద్రాసు రేవులో దిగిన పాత కంప్యూటర్లు మా దగ్గరికి లారీల్లో వచ్చేవి. కాగితాల్లో మాత్రం అవి వాడుకోవడానికి పనికొచ్చే సరుకు. దించి చూస్తే ఒక్కటి వెలిగినా గొప్పే. కొన్నిటి మీద ఏదో దేశపు బడి ముద్ర, పిల్లలు అంటించిన పువ్వుల బొమ్మలు ఉండేవి. అంత శుభ్రంగా ఉండే దేశాలు తమ చెత్తను ఇంత దూరం ఎందుకు మోయిస్తున్నాయని నేను ఎవరినీ అడగలేదు. జీతం వస్తోంది కదా అనుకున్నాను.

వాటి లోపలి పచ్చ బోర్డుల్లో బంగారం ఉంటుందని గోడౌనులో అందరూ అనేవారు. చీరలోంచి వెండి తీసే అవ్వకు ఇదెంత పని అనిపించింది నాకు. ఓనరును అడిగి ఒక గోతం నింపుకుని పాసింజరెక్కాను. పెనుకొండలో బండి ఆగినంతసేపూ ఎవరో లాక్కుపోతారన్నట్టు ఆ గోతం మీదే కూర్చున్నాను. అంత తెలివి నాది.

అవ్వ ఒక బోర్డును అటూ ఇటూ తిప్పి చూసి ఎక్కడిదని అడిగింది. విదేశాలదన్నాను. దొరల సరుకులో బంగారం ఉండకపోదని ఆమె కూడా నమ్మింది. పెరట్లో కుంపటి వెలిగించి, ఎప్పటిలాగే పొగలో మొహం పెట్టి కూర్చుంది. కళ్లు మండి మేమంతా వీధిలోకి పోయాం. పిలిస్తే ఆమె రాలేదు.

"వాసన ఇంగా పోలేదురా. పోయినాక లేస్తా," అంది.

అది పోయే వాసన కాదు. పొద్దున కూర్చున్న మనిషి అన్నం వేళకు దగ్గుతూ లేచింది. కుంపట్లో మాడిన చాప ముక్కల్లాంటివి, కాసిని రాగి తీగలు మిగిలాయి.

దగ్గు కొన్ని వారాలకు తగ్గింది. తర్వాత ఒకరోజు పక్కింటావిడ తన పెళ్లిచీర పోగులు తెచ్చి, అసలు పట్టో కాదో చెప్పమంది. అవ్వ ఒక పోగు కాల్చి వాసన చూసింది. ఇంకొకటి కాల్చింది. మూడోది కూడా కాల్చి నా వైపు తిరిగింది.

"నువ్వు సూడు నాయనా. నాకేమీ తెలుస్తాలేదు."

వెంట్రుక కాలిన వాసన గడప దాకా కొడుతోంది. పట్టేనని చెప్పాను. ఆ దేశాలనూ ఓనరునూ మనసులో ఎన్ని తిట్టుకున్నా, గోతం మోసుకొచ్చింది నేనే.

ఆ తర్వాత పోగులు తెచ్చినవాళ్లను అవ్వ గడప దగ్గరే తిప్పి పంపేది. ఏమైందని అడిగితే వయసైపోయింది, ముక్కు పనిచేయడం లేదనేది. కుంపటి సంగతి ఒక్కరికీ చెప్పలేదు. నేను పక్కనే నిలబడి, నిజమేనన్నట్టు తలూపేవాణ్ణి.