తువ్వాలు వేసిన సీటు

మా సారు పోయారన్న ఫోను వచ్చేటప్పటికి నేను పెనుకొండ స్టేషన్లో ఆయన వచ్చే బండి కోసమే చూస్తున్నాను. ధర్మవరంలో ఆయన పక్కింటాయన మాట్లాడారు. "ఏమప్పా, సారు ఫోన్లో నీ నెంబరే పైన ఉండాది. తెల్లారి తలుపు తీయకుంటే పోయి చూసినాం. నిద్రలోనే పోయినాడు." అంతలో బండి వచ్చింది. దాన్ని పోనిచ్చి, ధర్మవరం బస్సెక్కాను.

మేమిద్దరం హిందూపురంలో ఒక పట్టుచీరల కొట్టుకు కంప్యూటర్లు చూసేవాళ్లం. పెళ్లిళ్ల వ్యాపారం కాబట్టి అక్కడి అమ్మకాల డేటాబేస్‌ను తెలుగు నెలల వారీగా భాగాలు చేశారు. ఏ భాగానికి డిస్కులో ఎంత చోటు కావాలో ఏడాది ముందే అంచనా వేయడం సారు పని. కొత్తలో ఒకసారి నాకిస్తే, మొత్తాన్ని పన్నెండు నెలలకూ సమానంగా పంచిపెట్టాను.

సారు కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. "ఆషాడానికీ శ్రావణానికీ ఒకే చోటా? ఆషాడంలో పెండ్లి ఎవురు చేసుకుంటారబ్బా?" "మనిద్దరికీ అన్ని నెలలూ ఆషాడమేలే" అని తనే నవ్వారు. ఆయనా ఒంటరే, నేనూ ఒంటరినే.

ఏ నెలలో ఎన్ని బిల్లులు రావచ్చు, ఒక్కో బిల్లు ఎంత చోటు తింటుంది, వెతకడానికి పెట్టే ఇండెక్సుకు ఎంత, అన్నీ ఓపికగా నేర్పారు. చివరికి మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. "ఖాళీ గూడా లెక్కలోకే వస్తాదప్పా. రాసిన బిల్లును మళ్లా మారుస్తారు, అది పెరుగుతాది. చోటు లేకుంటే యాడికి పోతాది?" ఆ ఖాళీ ఎంత ఉంచాలో నెలకో తీరుగా చెప్పేవారు.

బండిలోనూ అంతే. ధర్మవరంలో ఎక్కగానే పక్క సీటు మీద నాకోసం తువ్వాలు వేసేవారు. ఎవరడిగినా "మనిషి ఉండాడు" అనేవారు. పెనుకొండలో నేనెక్కితే తువ్వాలు దులిపి భుజాన వేసుకునేవారు. పొద్దున్నే నాకోసం చూసే మనిషి లోకంలో ఆయనొక్కరే.

వచ్చే ఏడాది అంచనా ఈసారి నేనే ఇవ్వాల్సి వచ్చింది. ఆ లెక్క తప్పితే శ్రావణం రద్దీలో బిల్లింగు ఆగిపోతుంది. సారు ఉన్నన్నాళ్లూ ఎప్పుడూ ఆగలేదు. ఖాళీ ఎంతో తేల్చుకోలేక ఫోను తీసి ఆయన నెంబరు దాకా వెళ్లి ఆగాను. చివరికి ఆయన చెప్పిన మాటలే ఒక్కో నెలకూ గుర్తుచేసుకుని, ఆషాఢానికి కూడా కాస్త వదిలి, పంపేశాను.

ఆ సాయంత్రం హిందూపురంలో బండెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. "అన్నా, ఈడ ఎవురన్నా వస్తారా?" అని ఒకబ్బాయి అడిగితే గానీ చూసుకోలేదు. పక్క సీటు మీద నా తువ్వాలు పరిచి ఉంది.

"లేదప్పా, ఖాళీనే" అన్నాను. తువ్వాలు తీయడానికి మాత్రం చెయ్యి రాలేదు.