మోకాలి పైన పండుమిరపకాయ

నిర్దోషి అని తేలిపోయాక, ఎవరూ అడక్కుండానే నేరం ఒప్పుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే గుంటూరు వచ్చి నన్ను చూసి వెళ్లండి. మా ఇంట్లో భోజనం కూడా చేసి వెళ్దురుగాని. నా కంచం వైపు మాత్రం జాలిగా చూడకండి. ఆ కంచానికి పట్టిన గతి గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

నేను మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌ని. పొద్దున లేస్తే వేల బస్తాల ఎండుమిర్చి మధ్య తిరుగుతాను. అలాంటివాణ్ణి, ఇంట్లో ఒక్క పచ్చిమిరపకాయ కోయమంటే మాత్రం వణికిపోతాను. పెళ్లైన కొత్తలో ఒకసారి కోసి, అదే చేత్తో కళ్లు తుడుచుకుని, చాలాసేపు కుళాయి కింద తల పెట్టి కూర్చున్నాను. ఆ రోజే ఆ శాఖను మా ఆవిడ రమ్యకి శాశ్వతంగా అప్పగించేశాను. జరిగిన అనర్థానికంతటికీ మూలం ఆ శాఖల పంపకమే.

రమ్యకి ఆరో నెల నడుస్తుండగా సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణం సాయంత్రమైతే, చిలకలూరిపేటలో మొదటి బస్సెక్కి మా అత్తగారు పొద్దున్నే దిగిపోయారు. చెప్పులు విప్పీ విప్పకముందే ఆవకాయ జాడీ మీద, పెరుగు గిన్నె మీద, మంచినీళ్ల బిందె మీద దర్భలు వేశారు. నా మీద కూడా ఒకటి వేద్దామా అన్నట్టు ఓ చూపు చూశారు. కిటికీలకి దుప్పట్లు కట్టి, కూతుర్ని మంచం మీద పడుకోబెట్టారు.

"కదలకూడదు. గోక్కోకూడదు. కత్తి, కత్తెర, సూది ముట్టుకోకూడదు. ఇవాళ నువ్వు ఏది కోస్తే అది బిడ్డ ఒంటిమీద మచ్చై కూర్చుంటుంది. విన్నావా?"

"విన్నానమ్మా."

"అల్లుడుగారూ, మీరూ విన్నారా?"

"అత్తయ్యగారూ, గ్రహణమంటే చంద్రుడి నీడండీ. నీడకి మచ్చలు పడటమేంటండీ?" అన్నాను. నేను చదివింది బీఎస్సీ. మిర్చి బస్తాల దగ్గర దాంతో పనిలేదు, ఎక్కడో ఒకచోట వాడాలి కదా!

ఆవిడ నా బీఎస్సీని అసలు పట్టించుకోలేదు. గది గుమ్మంలో అడ్డంగా చాప వేసుకుని కాపలా కూర్చున్నారు.

మధ్యాహ్నం నుంచి పొయ్యి బంద్. గ్రహణం పట్టేసరికి నా కడుపులో పేగులు ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. అంతలో, తెల్లవారకముందే లేచి బస్సెక్కిన అత్తగారు చాప మీదే కునుకు తీశారు. నేను చడీచప్పుడు లేకుండా మరమరాల డబ్బా దించి, ఇంత ఉప్పు, చుక్క నూనె కలిపాను. కానీ పచ్చిమిరపకాయ లేని మరమరాలు మనిషన్నవాడు ఎలా తింటాడో మీరే చెప్పండి. చాకూ మిరపకాయా పట్టుకుని, అత్తగారి చాప అంచు దాటి మంచం దగ్గరికి వెళ్లాను.

"రమ్యా, ఒక్కటంటే ఒక్కటి కోసిపెట్టవా?"

"మీకేమైనా పిచ్చా? అమ్మ లేస్తే?"

"గురక వినపడట్లా?"

"మీరే కోసుకోండి."

"నా కళ్లు..." అన్నాను దీనంగా.

పడుకునే చాకు అందుకుని, మిరపకాయని నిలువునా చీల్చి, ముక్కలు చేసి నా గిన్నెలో పడేసింది. "మింగండి" అంది. నమిలే చప్పుడు బయటికి పోకుండా నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఆనందంగా తిన్నాను. సైన్సు గెలిచిందనుకున్నాను.

మూడు నెలలకి పేటలో, అత్తగారింట్లో ఉండగా మాకు పాప పుట్టింది. హాసిని అని పేరు పెట్టుకున్నాం. ఎడమ మోకాలి పైన లేత గులాబీ రంగులో చిన్న మచ్చ. పైన కాస్త లావు, కిందికొచ్చేసరికి సన్నం. వారానికి రంగు తేలింది. మూడో వారానికి ఎర్రగా ఉబ్బింది. మీరైతే మచ్చ అనుకుంటారు. రోజూ లక్షల కాయలు చూసే నన్నెవరు మోసం చేస్తారు? అది మిరపకాయ. తొడిమ ఒక్కటే తక్కువ. పైగా రోజురోజుకీ పండుతోంది!

నా బీఎస్సీ ఆ క్షణమే నన్ను వదిలేసి వెళ్లిపోయింది.

"నిజం చెప్పవే! గ్రహణం నాడు ఏమైనా కోశావా?" అని అత్తగారు కూతుర్ని నిలదీశారు.

"లేదమ్మా" అంటూ రమ్య నా వైపు చూసింది. నేను గోడమీది క్యాలెండర్ వైపు చూశాను. ఆ నెల ఏకాదశి ఏ వారం వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తే.

అత్తగారు కళ్లు తుడుచుకున్నారు. "అయితే తప్పు నాదే. కాపలా కూర్చుని కునికాను. నా తండ్రి అమరేశ్వరుడికి మొక్కుకుంటున్నా. పిల్లకి ఆ మచ్చ పోయిందాకా నేను కారం ముట్టను."

ఇది మామూలు మొక్కు కాదండీ. ఆవిడ ఇడ్లీని కారప్పొడిలో ముంచి, ఆ కారప్పొడి కోసం ఇంకో ఇడ్లీ తినే మనిషి. అలాంటావిడ చప్పిడి పప్పూ మజ్జిగన్నం తింటూ, అల్లుడు వచ్చిన ప్రతి ఆదివారం పండుమిర్చి వేసి నూరిన గోంగూర నాకు కొసరి కొసరి వడ్డించేవారు. నాకు నిజంగానే సిగ్గేసేది. ముద్ద గొంతు దిగేది కాదు. నెయ్యి వేసుకుంటే దిగేది. చెప్పేద్దామని మూడుసార్లు నోరు తెరిచాను. మూడుసార్లూ ఆవిడ "ఇంకాస్త వెయ్యనా బాబూ?" అన్నారు. తెరిచిన నోటికి అదే పని దొరికింది.

ఇంతలో పాపని ఉయ్యాలలో వేసే రోజు వచ్చింది. వీధి ఆడవాళ్లంతా వస్తారు. మిరపకాయని ఎవరైనా గుర్తుపడితే అక్కణ్ణుంచి విచారణ మొదలై నా దాకా వస్తుందని నా భయం. రమ్య సంచిలోంచి ఫేస్ పౌడర్ తీసి, గోడకి సున్నం వేసినట్టు రెండు కోటింగులు వేశాను. మచ్చ మాయం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పాపని పక్కింటి సుబ్బాయమ్మగారు ఒళ్లోకి తీసుకున్నారు. ఆవిడ కట్టుకున్నది కొత్త మంగళగిరి చీర. పాప ఆ చీరని చూసి ముచ్చటపడి, ఒక్కసారిగా దాన్ని తడిపేసింది. ఆవిడ కొంగుతో పిల్ల కాళ్లు తుడిచారు.

"ఓసి నీ అమ్మ కడుపు చల్లగుండా! ఇదేందక్కా, పిల్ల కాలు మీద మిరపకాయ? గ్రహణం మచ్చేనా?"

ఆవిడది మైకు అక్కర్లేని గొంతు. వీధి చివర దాకా వినపడింది. అత్తగారి మొహం చిన్నబోయింది. మర్నాడే పాపని తీసుకుని అందరం పిల్లల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం.

ఆవిడ లైటు వేసి, వేలితో మచ్చని సున్నితంగా నొక్కి చూశారు. "దీని చుట్టూ ఈ పౌడరేంటి?" అన్నారు. నేను గోడ మీద క్యాలెండర్ కోసం వెతికాను. లేదు.

"ఏం భయంలేదమ్మా. సన్నటి రక్తనాళాలు గుత్తిగా పెరిగితే ఇలా వస్తుంది. చాలామంది పిల్లలకి ఉంటుంది. ఇంకొన్ని నెలలు పెరిగి, తర్వాత దానంతటదే వాడిపోతుంది. పుండు పడినా, రక్తం కారినా వెంటనే తీసుకురండి. పౌడర్లూ పసర్లూ మాత్రం వద్దు."

"గ్రహణం మచ్చ కాదా డాక్టరమ్మా?" అడిగారు అత్తగారు.

"గ్రహణానికీ దీనికీ ఏ సంబంధం లేదండీ. ఇందులో ఎవరి తప్పూ లేదు."

ఇక్కడ ఆగండి. చూడండి నా పరిస్థితి. సాక్ష్యం లేదు. సాక్షి నా పెళ్లాం, నోరు విప్పలేదు. తీర్పు కూడా వచ్చేసింది. చేయాల్సిందల్లా లేచి, దణ్ణం పెట్టి, ఇంటికెళ్లడం. కానీ ఇన్నాళ్ల బరువు ఒక్కసారిగా దిగిపోయేసరికి సంతోషం పట్టలేక గట్టిగా అరిచాను.

"హమ్మయ్య! అయితే గ్రహణం టైములో రమ్య చేత నేను కోయించిన మిరపకాయ వల్ల కాదన్నమాట!"

అత్తగారి చూపు నా మీంచి రమ్య మీదికి వెళ్లింది.

"నేను వద్దనే చెప్పానమ్మా" అంది రమ్య, క్షణం ఆలస్యం చేయకుండా.

అత్తగారు ఎంతో శాంతంగా డాక్టరమ్మ వైపు తిరిగి, "పూర్తిగా పోవడానికి ఎన్నాళ్లు పడుతుందమ్మా?" అని అడిగారు.

"నాలుగైదేళ్లు పట్టొచ్చండీ."

"మంచిది" అని అప్పుడు నా వైపు తిరిగారు. "ఇవాళ్టి నుంచి ఆ మొక్కు మీది, అల్లుడుగారూ. అమరేశ్వరుడికి నేను చెప్పుకుంటా."

"ఎవరి తప్పూ లేదన్నారు కదండీ!"

"మచ్చకి లేదు బాబూ. నేను ఎదురుగా చప్పిడి కూడు తింటుంటే, మీరు గోంగూర మారు వేయించుకున్నారే, దానికి!"

నేను ఆశగా డాక్టరమ్మ వైపు చూశాను. ఆవిడ తర్వాతి పేషెంటుని పిలిచారు.

ఆ రోజు నుంచి గుంటూరులో మిర్చి బస్తాల మధ్య కూర్చుని పెరుగన్నం క్యారియరు విప్పే ఏకైక మగాణ్ణి నేనే. హమాలీలు జాలిపడి నా ఆరోగ్యం గురించి అడిగేవారు. నేను మాత్రం రోజూ పొద్దున్నే కూతురి మోకాలు చూసుకునేవాణ్ణి. రెండో ఏడు ఎరుపు తగ్గింది. మూడో ఏడు వాడింది. నాలుగో ఏడు గులాబీ రంగులోకి దిగింది. పోయిన నెలలో అత్తగారు కళ్లజోడు పెట్టుకుని, పాపని కిటికీ దగ్గర నిలబెట్టి, మోకాలు అటూ ఇటూ తిప్పి చూసి, "పోయింది" అని ప్రకటించారు. ఆ మధ్యాహ్నం ఆవిడే స్వయంగా పండుమిర్చి గోంగూర నూరి నా కంచంలో ఇంత ముద్ద వేశారు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. సగం కారానికి, సగం ఆవిడ మనసుకి.

అంతలో హాసిని తన మోకాలు తడుముకుంటూ వచ్చింది. "అమ్మమ్మా, నా మిరపకాయ ఏదీ?"

అత్తగారు నా కంచం వైపు చూపించారు. "ఇంకెక్కడిదమ్మా? మీ నాన్న తినేశాడు."

పిల్ల నన్ను ఈ రోజు వరకూ క్షమించలేదు. అందుచేత అమరేశ్వరుడి సాక్షిగా, గోంగూర చేతిలో పట్టుకుని ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఎవరి తప్పూ లేదని డాక్టరు చెప్పిన చోట ఈ జన్మలో మళ్లీ నోరు తెరవను. ఇక మీదట గ్రహణమున్నా లేకపోయినా, కళ్లు మండినా వాచినా, నా పచ్చిమిరపకాయ నేనే కోసుకుంటాను.