అమ్మ సాక్సులూ నా దోమలూ

వేలూరులో ఒక ప్రయోగశాలలో దోమలను పెంచడం నా ఉద్యోగం. నాకు సంబంధాలు చూసే రోజుల్లో మా నాయన దాన్ని ఆసుపత్రి పని అని చెప్పేవాడు.

నిరుడు మా ఊరు గుడియాత్తంలో అమ్మకు డెంగీ వచ్చింది. రెండోసారి వస్తే ఇంకా ప్రమాదం కావచ్చని డాక్టరు చెప్పినప్పటినుంచి నాకు భయం. అమ్మకు లేదు. పగలు కూడా దోమల క్రీము రాసుకోమంటే, "నన్ను యాడ కుడతాయి నాయనా? అంతా మీ నాయన్నే" అనేది.

ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. దోమ మీసాల మీది సన్నటి నూగులో వాసన పట్టే గ్రాహకాలు ఉంటాయి. ఒక్కొక్కటి కొన్ని రసాయనాలకే స్పందిస్తుంది. జోలార్పేట స్టేషన్లో ఎన్ని రైళ్ల పేర్లు పిలిచినా మన రైలు పేరుకే మనం సంచీ ఎత్తుకుంటాం కదా, అట్లా. మన చర్మం మీది ఆమ్లాలకు కొన్ని లేస్తాయి, మన చెమటలోని పుట్టగొడుగు వాసన వేసే పదార్థానికి ఇంకొన్ని. అమ్మ ఓపిగ్గా అంతా విని, "తిన్నావా?" అనేది.

చూపిస్తే గాని నమ్మదని అమ్మకూ నాయనకూ చెరో జత కొత్త సాక్సులు ఇచ్చాను. పగలంతా తొడుక్కుని, విప్పి, సంచిలో కట్టి ఇమ్మన్నాను. నాయన మేస్త్రీ. ఇటుకల మధ్య సాక్సులతో తిరుగుతుంటే కూలీలు నవ్వారట. పాపం, తిరిగాడు.

ప్రయోగశాలలో గాజు గొట్టానికి ఒక చివర నాయన సాక్సు, రెండో చివర అమ్మది పెట్టి దోమలను వదిలాను. దాదాపు అన్నీ నాయన వైపే పోయాయి. నమ్మబుద్ధి కాక అమ్మ సాక్సు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బట్టల సబ్బు, దానిమీద సాంబ్రాణి పొగ.

వెంటనే ఫోన్ చేసి అరిచాను. నాకు కోపం వస్తే పక్క గదిలో దోమలు కూడా సర్దుకుంటాయి.

"తొడుక్కునింది అట్లే పంపిస్తారా నాయనా? అసింగం గాదా, రోత గాదా?" అంది అమ్మ. మళ్లీ తనే, "పేర్ణాంబట్టు తోళ్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏండ్లు చేసినాను. బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోరు. ఆ ఒంటి వాసన నీ ఆఫీసుకు ఎట్ల పంపేది?"

నాకు సిగ్గేసింది. ఆ పనితోనే అమ్మ నన్ను చదివించింది.

"నాకు ఆ వాసనే కావాల మా. ఉతకొద్దు" అని బతిమాలాను.

మరుసటి వారం సాక్సులు వచ్చాయి, నాలుగు సంచుల్లో చుట్టి. ఈసారి దోమలు అమ్మ వైపు ఎగబడ్డాయి. నాయన వైపు రెండో మూడో. వీడియో తీసి గుడియాత్తం తీసుకెళ్లాను. చూసి భయపడుతుందనుకున్నాను.

అమ్మ ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"ఇన్నీ నాకోసమే వచ్చినాయా?"

అవునన్నాను. నాయన మొహం ముడుచుకున్నాడు. అమ్మ తనే చెయ్యి చాపింది, క్రీము రాశాను. రెండో చేతికి రాయబోతే ఆగమని, ఆ వీడియో ఇంకోసారి పెట్టమంది.