డిక్షనరీని మా సెక్షన్‌కు తెచ్చిన ఏడు అక్షరాలు

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరూ గోడ మేకుకు వేలాడుతుండేవి... తీగకు గుచ్చిన రేకు ముక్కలు. ఒక్కో రేకులో ఒక్కో అక్షరం కత్తిరించి ఉండేది. మా నాయిన ఈరన్న కర్ణాటకలోని మా ఊరు కమఠాణలో, పక్కనున్న బీదర్‌లో లారీలకూ దుకాణాలకూ పేర్లు రాసేవాడు. రేకు ఆనించి రంగు అద్దితే అక్షరం పడేది. ఇంగ్లీషు చదవడం మాత్రం ఆయనకు రాదు.

నేను ఆ రేకులు నేల మీద పరిచి మాటలు పేర్చేదాన్ని. పేర్చింది అసలు మాటో కాదో చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. "ఇది మాటేనా నాయినా?" అని అడిగితే, "నాకేమెరుక బిడ్డా... నేను సూసి కొడ్త, సదువుతనా?" అని నవ్వేవాడు.

అందుకే నాకు డిక్షనరీ పిచ్చి పట్టింది. బీదర్‌లో మా హైస్కూల్లో పెద్ద ఇంగ్లీషు డిక్షనరీ ఒక్కటంటే ఒక్కటే ఉండేది... హెడ్‌మాస్టరు గారి అల్మారాలో, తాళం వేసి. ఏటా దసరా సెలవుల ముందు మాటల పోటీ జరిగేది. గెలిచిన సెక్షన్‌లో ఆ డిక్షనరీ ఏడాదంతా ఉండి, మళ్లీ పోటీ వేళకు అల్మారా చేరేది. ప్రతిసారీ ఇంగ్లీష్ మీడియం వాళ్లే ఎగరేసుకుపోయేవారు. మా కన్నడ మీడియం వాళ్లం దాని అట్టను కూడా దగ్గరగా చూసి ఎరగం!

ఎనిమిదో తరగతిలో మా సెక్షన్ తరఫున నేను లేచాను. అవతల ఇంగ్లీష్ మీడియం గీత... తెల్లటి సాక్సులు, అదురూ బెదురూ లేని పిల్ల. శుక్రవారం ఒక ఆట, శనివారం ఒక ఆట. టీచరమ్మ బోర్డు మీద కొన్ని అక్షరాలు రాస్తారు. వాటితో పది నిమిషాల్లో ఎక్కువ మాటలు చేసినవాళ్లు గెలిచినట్టు.

శుక్రవారం వచ్చిన అక్షరాలు ఎస్, టి, ఎ, ఆర్, ఇ, ఎల్, ఎన్. నేను ఆగకుండా రాశాను... స్ట్రీట్, స్టీల్, ట్రీ, లెటర్... గీత ఇంకా సగం కూడా రాయలేదు. లోపల పొంగిపోతున్నాను.

టీచరమ్మ ఎర్ర సుద్దతో వచ్చి నా మాటలు ఒక్కొక్కటే కొట్టేశారు. "బోర్డు మీద ఇ ఒక్కటే ఉంది కదా, నువ్వు రెండు ఎలా వాడావు?" అని కన్నడంలో అడిగారు. క్లాసంతా ఘొల్లుమంది. నాకు అర్థమే కాలేదు... మా ఇంట్లో ఇ రేకు ఒక్కటే. దానితోనే మా నాయిన 'హార్న్ ఓకే ప్లీజ్' రాస్తాడు. ఒక్క రేకును ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వాడుకోవడమే నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది!

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి సంచీ విసిరికొట్టాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది లెండి. నాయిన చేతికి అంటిన రంగు గుడ్డతో తుడుచుకుంటూ అంతా విన్నాడు.

"రేకు ఎన్నిసార్లయినా కొట్టొచ్చు. బోర్డు మీది అక్షరం గట్ల కాదు గదా బిడ్డా... వాడింది వాడినట్టు పక్కకు పెట్టు. మిగిలిన వాటితోనే చెయ్యి" అన్నాడు.

తీగ విప్పి రేకులన్నీ నా ముందు పోశాడు. వాడిన రేకు ఎడమ పక్కకు... మిగిలినవి కుడి పక్కకు. అన్నం చల్లారిపోయిందని అమ్మ తిడుతున్నా లేవలేదు.

శనివారం రెండు మాటల తేడాతో నేను గెలిచాను. ఇప్పుడు చెరో ఆట, సమానం. టీచరమ్మ చివరి పరీక్ష పెట్టారు... ఆర్, టి, ఎ, పి, ఐ, ఎన్, ఇ. ఏడు అక్షరాలూ వాడి ఒక్క మాట ఎవరు ముందు రాస్తే డిక్షనరీ వాళ్లది.

గీత సుద్దముక్క బుగ్గకు ఆనించుకుని ఆలోచిస్తోంది. నేను కళ్లు మూసుకుని రేకులు పక్కకు పెట్టడం మొదలుపెట్టాను. ట్రెయిన్ చేస్తే పి, ఇ మిగిలాయి. ప్రింట్ చేస్తే ఎ, ఇ మిగిలాయి. పెయింట్ చేస్తే ఇ, ఆర్...

దుకాణం బోర్డు రాసిన ప్రతివాడూ కింద మూలన తన పేరుకు ముందు తన పనిని ఇంగ్లీషులో వేసుకుంటాడు, చూశారా... మా నాయిన కూడా వేసుకునేవాడు. అక్కడ మాత్రం రేకు పెట్టడు, కుంచెతో ఒక్క ఊపులో లాగేస్తాడు. ఆయన చేతికి వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట అది!

పరుగెత్తి రాశాను... పెయింటర్.

మా సెక్షన్ బెంచీలు విరిగేలా చరిచింది. అల్మారా తాళం తీసిన చప్పుడు కూడా ఆ గోలలో వినిపించలేదు. గీత వచ్చి చేయి కలిపింది, మంచి పిల్లే. ఆదివారం ఒక్కరోజు ఇంటికి తీసుకుపోవడానికి టీచరమ్మ ఒప్పుకున్నారు. బస్సులో ఆ డిక్షనరీని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, ఎవరినీ ముట్టనివ్వలేదు.

ఏ మాటతో గెలిచానో చెబితే నాయిన కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఇండ్ల నా మాట ఉన్నదా సూడు" అన్నాడు. పేజీ తీసి చూపించాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసుకున్నాడు, రెండుసార్లు.

"ఇన్నేండ్ల సంది రాస్తున్న గాని... సరిగ్గనే రాస్తున్ననా లేదా అని లోపల భయముండె బిడ్డా" అన్నాడు.

పోటీ గెలిచింది నేనే. కానీ ఆ రోజు మా ఇంట్లో తలెత్తుకుని తిరిగింది ఆయన.

ఇప్పుడు ఫోన్లో ఏడక్షరాలు కొడితే మాటలన్నీ క్షణంలో వరసగా వచ్చి పడుతున్నాయి. మొన్న ఊరికే అవే ఏడు కొట్టి చూశాను. జాబితాలో పెయింటర్ కూడా వచ్చింది... బెంచీ చరిచేవాళ్లే లేరు.

మీరూ బోర్డు ముందు నిలబడి గెలిచిన రోజు ఒకటి ఉండే ఉంటుంది. మొహమాటపడకండి... నాలాగే గొప్పలు చెప్పుకోండి, బెంచీ నేను చరుస్తాను.