వాయించడం ఆపితే వినిపించేది

మాదాపూర్ ఇంటి ఓనరు గారు పోయారని మొన్న పొద్దున వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. "బాపు పోయిండక్కా. నీకు చెప్పుమని ఎవరూ అనలే. నాకే చెప్పబుద్ధయ్యింది" అంది.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను ఆయన పైగదిలో కిరాయికి ఉండేదాన్ని. మాది కాకినాడ. ఆయనది మైక్‌సెట్ల పని. పెళ్ళిళ్ళకు, బోనాలకు, వినాయక మండపాలకు ఆయన మైకే. ఆ రోజుల్లో మా సందు చివర దీక్షా శిబిరంలో మోగేదీ ఆయన మైకే. అక్కడి ఉపన్యాసాలన్నీ నా గదిలోకి వినపడేవి. ఏ రోజు ఖాళీ చెయ్యమంటారోనని సూట్‌కేసు సగం సర్దే ఉంచేదాన్ని. ఆయన మాత్రం కనబడినప్పుడల్లా "తిన్నవా బిడ్డా?" అని తప్ప ఇంకో మాట అడిగేవారు కాదు.

ఒక బంద్ రోజు ఆఫీసు లేదు. హైటెక్ సిటీ రోడ్డు మీద ఒక్క బండి లేదు. తలుపులు బిగించి, ఫ్యాను ఆపి, లాప్‌టాప్‌కు చిన్న మైకు తగిలించి గిటార్ రికార్డు చేసుకున్నాను. విని చూస్తే అంతా ఎగుడుదిగుడు. గట్టిగా మీటిన చోట శబ్దం కుంగిపోతోంది, మెల్లగా మీటిన చోట ఉబ్బుతోంది. నేను పూర్తిగా ఆపిన చోట మరీ ఘోరం. ఏమీ లేని చోటునుంచి బుస్సుమంటూ ఏదో పైకి లేస్తోంది, అందులో గుసగుస. ఎవరో ఊపిరి పీల్చి నాకేదో చెప్పబోతున్నారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం నాది, దయ్యాల్ని నమ్మను. అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను, మంచం కింద వంగి చూశాను.

కిందికి పరుగెత్తి "బాబాయ్ గారూ, గదిలో ఏదో ఉందండీ" అన్నాను.

"గదిల నువ్వే ఉన్నవ్, ఇంకేముంటది?" అంటూ తన పాత హెడ్‌ఫోన్లు పట్టుకుని పైకి వచ్చారు. చెవులకు పెట్టుకుని కాసేపు విని నవ్వారు. "గిది ఆటోమేటిక్ బిడ్డా, సౌండు దానంతటదే పెంచుతది, తగ్గిస్తది. నువ్వు గట్టిగ కొడితె చెవులు మూసుకుంటది. ఊకుంటె చెవులు రిక్కిచ్చి ఏడేడివో వింటది. మైకుకు మొహమాటం తెల్వదు, ఏది దొరికితె అది అందుకుంటది."

అలా చెబుతూనే ఇంకా విన్నారు. ఉన్నట్టుండి ముఖంలో నవ్వు పోయింది. వెనక్కి జరిపి అదే చోటు మళ్ళీ విన్నారు.

"గిది ఎవరికన్న వినిపిచ్చినవా?"

"లేదండీ. నాకే ఏమీ అర్థం కాలేదు."

"మంచిది. ఇగ ఆ ఆటోమేటిక్ తీసెయ్." తీసేదాకా పక్కనే నిలబడ్డారు. తర్వాత జేబులోంచి దారం తీసి ఒక కొస మైకు స్టాండుకు, ఇంకో కొస గిటార్‌కు కట్టారు. మధ్యలో జానెడు దూరం. "వదులైతె ముందుకొచ్చినట్టు, గుంజితె ఎనకకు పోయినట్టు. జర నిలకడగుండు, సరిపోతది." నిజంగానే సరిపోయింది. గుసగుస మళ్ళీ వినబడలేదు.

ఆ తర్వాత ఆయన మెట్లెక్కి పైకి రాలేదు. కనబడితే తల పక్కకు తిప్పుకునేవారు. కోపం వచ్చిందనుకున్నాను. చెప్పించుకునేదాకా ఎందుకని రెండు నెలలకు నేనే ఖాళీ చేస్తానన్నాను. ఆయన వద్దనలేదు. అనుమానం నిజమే అనుకుంటూ వచ్చేశాను. మళ్ళీ ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు.

మొన్న ఫోన్ వచ్చాక, నేనిప్పుడుంటున్న నల్లగండ్ల ఫ్లాట్‌లో కూర్చుని ఆ బంద్ రోజు రికార్డు వెతికాను. అప్పుడు లాప్‌టాప్ స్పీకర్‌లో విన్నాను. ఈసారి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. గిటార్ ఆగింది, బుస్సు లేచింది. అందులోంచి కింద గేటు దగ్గర ఎవరిదో గొంతు: "ఆంధ్రోళ్లకు కిరాయికిచ్చుడేంది? ఖాళీ చేపియ్."

ఆ వెనకే బాబాయ్ గారి గొంతు. "ఉద్యమానికి నా మైక్‌సెట్ ఇచ్చిన. అడుగుతె పానమిస్త. ఆ బిడ్డ తనంతట తను పోతె పోతదిగని, నేను మాత్రం పొమ్మన."

ఇలాంటి మాటలు నా చెవిన పడకూడదనే ఆయన ఆటోమేటిక్ తీయించారు. ఆయన పొమ్మనలేదు, నేనే పోయాను.

నిన్న సాయంత్రం ఆటోమేటిక్ మళ్ళీ పెట్టాను. దారం కట్టి, ఆ రోజు వాయించిందే వాయించి, మధ్యలో ఆపాను. మాది పన్నెండో అంతస్తు, గేటు దగ్గర మాటలు ఇంత పైకి వినబడవు. అయినా తెర మీద శబ్దం ఎంతుందో చూపే పచ్చగీత మెల్లగా లేచింది. హెడ్‌ఫోన్లలో ఎవరో ఊపిరి పీల్చారు. అది నా ఊపిరే కావచ్చు. గీత ఇంకా లేస్తూనే ఉంది. మళ్ళీ మీటితే మైకు చెవులు మూసుకుంటుందని, తీగల మీద చెయ్యి ఆన్చి కదలకుండా కూర్చున్నాను.